మడిస్తే సరిపోవాలి: చిన్నపిల్లలకు సౌష్ఠవం నేర్పడం ఎలా

ఏడెనిమిదేళ్ల పిల్లల ముందు ఒక ఎ4 కాగితం పెట్టి, ఎదురెదురు మూలలను కలుపుతూ ఒక గీత గీయండి. "ఈ గీత మీద మడిస్తే రెండు పక్కలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడతాయా?" అని అడగండి. చాలామంది పడతాయనే అంటారు. పెద్దవాళ్లను అడిగినా తరచుగా అదే జవాబు. ఇప్పుడు మడవండి. రెండు మూలలు రెక్కల్లా బయటికి పొడుచుకొస్తాయి. గీతకు అటూ ఇటూ ఉన్న త్రిభుజాలు అచ్చంగా ఒకే కొలతలవి, విస్తీర్ణమూ ఒకటే. అయినా ఒకదాని మీద ఒకటి పడవు.

సౌష్ఠవం పాఠంలో పిల్లలు పొరపాటు పడేది ఇక్కడే. "బొమ్మను రెండు సమాన భాగాలుగా చేసే గీత సౌష్ఠవ రేఖ" అని వల్లె వేయిస్తే దీర్ఘచతురస్రం కర్ణం కూడా ఆ మాటకు లొంగిపోతుంది. సమానం అయితే చాలదు. మడిచినప్పుడు అంచు అంచు మీద, మూల మూల మీద పడాలి. ఈ ఒక్క పరీక్ష చేతికి అలవాటైతే నిర్వచనం తర్వాత ఎప్పుడైనా వస్తుంది. నిర్వచనం ముందొచ్చి చేతికి పని లేకపోతే ఆరో తరగతిలోనూ కర్ణం మీద గీత గీస్తూనే ఉంటారు.

ఆ కాగితాన్ని అక్కడితో వదిలేయకండి. ఒక వైపు క్రేయాన్‌తో రంగు పూసి, కర్ణం మీద కత్తిరించండి. రెండు త్రిభుజాలు వస్తాయి. ఒకదాన్ని బల్ల మీద రంగు పైకి ఉండేలా పెట్టండి. రెండోదాన్ని బోర్లించి, అంటే తెల్లవైపు పైకి తిప్పి, పొడవాటి అంచులు కలిసేలా, ఒకే పొడవున్న అంచులు ఒకే చివర కలుసుకునేలా పక్కన పేర్చండి. గాలిపటం ఆకారం వస్తుంది. ఆ గీత మీద సౌష్ఠవం ఉండాలంటే బొమ్మ ఇలా ఉండాలని పిల్లలకు కళ్లతోనే తెలుస్తుంది. మళ్లీ దీర్ఘచతురస్రం కావాలంటే రెండో ముక్కను బోర్లించకుండా బల్ల మీదే సగం చుట్టు తిప్పాలి. బోర్లించడం ఒక పని, తిప్పడం ఇంకో పని. ఈ తేడాకు పేర్లు ఇప్పుడే చెప్పక్కర్లేదు. చేతికి తెలిస్తే చాలు.

మాట గురించి కూడా ఒక మాట. సౌష్ఠవం అన్నది ఐదేళ్ల పిల్లల నాలుక తిరిగే పదం కాదు. "మడత గీత", "అద్దం బొమ్మ", "సరిపోయింది, సరిపోలేదు" అన్న మాటలతో రెండో తరగతి దాకా హాయిగా నడుస్తుంది. పుస్తకంలో సౌష్ఠవ రేఖ, సౌష్ఠవాక్షం అని ఎదురైనప్పుడు "మన మడత గీతే ఇది" అంటే సరి. "సగం" అన్న మాట మాత్రం తగ్గించండి. లడ్డూను సగం చేయడం, నీళ్లు సగం పోయడం పిల్లలకు ముందే తెలుసు. అవి పరిమాణానికి సంబంధించినవి. ఆ మాటను ఇక్కడికి తెస్తే, పైన చెప్పిన పొరపాటును మనమే నేర్పినట్టవుతుంది.

మూడు నాలుగేళ్ల వాళ్లతో

ఈ వయసుకు కాగితం అక్కర్లేదు, నేల చాలు. సుద్దముక్కతో మన ముందు నుంచి దూరంగా వెళ్లేలా ఒక నిలువు గీత గీసి, పిల్లను పక్కనే కూర్చోబెట్టుకోండి. ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ బొమ్మ వేరువేరుగా కనబడి గందరగోళం అవుతుంది. గీతకు ఎడమ పక్క మనది, కుడి పక్క పిల్లది. సీసా మూతలు, గాజులు, చెంచాలు రెండేసి చొప్పున ఉండాలి. చింతపిక్కలు, శనగలు అందంగా ఉంటాయి కానీ మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో వద్దు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

మనం గీత పక్కనే ఒక మూత, దాని పక్కన గాజు, ఆ పక్కన చెంచా పెడతాం. పిల్ల అటువైపు ఏం చేస్తుందో చూడండి. చాలాసార్లు ఎడమ నుంచి కుడికి మన వరసనే దించేస్తుంది: చెంచా, గాజు, మూత. ఇది నకలు, అద్దం బొమ్మ కాదు. "తప్పు" అనకుండా అన్నీ తీసేసి, ఒక్కో వస్తువే పెడుతూ అడగండి: "గీత పక్కింట్లో ఎవరున్నారు? మరి నీ వైపు గీత పక్కింట్లో ఎవరుండాలి? వాళ్ల తర్వాతి ఇంట్లో?" లెక్క ఎప్పుడూ గీత దగ్గరే మొదలవ్వాలన్న అలవాటు ఇక్కడ పడితే, మూడో తరగతిలో గళ్ల పుస్తకం మీద బొమ్మ పూర్తి చేసేటప్పుడు అదే కాపాడుతుంది.

మూడు వస్తువులతో మొదలుపెట్టి ఐదారు దాకా వెళ్లండి. తర్వాత మెట్టు, దిక్కు ఉన్న వస్తువులు. మన చెంచా గుంట గీత వైపు చూస్తుంటే, పిల్ల చెంచా గుంట కూడా గీత వైపే చూడాలి. చెంచాను ఏటవాలుగా పెడితే ఇంకా కష్టం. నాలుగేళ్లకు అది రాకపోయినా కంగారు పడకండి.

అద్దం ఆట కూడా ఈ వయసుకు బాగా సరిపోతుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరు మనిషి, ఒకరు అద్దం. మనం కుడిచెయ్యి ఎత్తితే అద్దం ఎడమచెయ్యి ఎత్తాలి. పిల్ల కుడిచెయ్యి ఎత్తితే కుడిఎడమల పాఠం మొదలుపెట్టకండి. నిజం అద్దం ముందుకు తీసుకెళ్లి, గాజులు ఒక చేతికే వేసి, చెయ్యి ఎత్తమనండి. గాజుల చెయ్యి ఏ వైపు కనబడుతోందో చూసి పిల్లే దిద్దుకుంటుంది. చివర్లో నమస్కారం పెట్టించండి. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి సరిపోతాయి. కానీ ఒక్క అరచేతిని మధ్యలో మడిస్తే బొటనవేలికి జోడీ దొరకదు. జత మొత్తానికి సౌష్ఠవం ఉంది, ఒక్క చేతికి లేదు.

మడత, కత్తెర

ఐదారేళ్లు వచ్చాక కత్తెర చేతికివ్వచ్చు. మొన గుండ్రంగా ఉన్న పిల్లల కత్తెర వాడండి, కానీ పదును ఉండాలి. మొద్దు కత్తెర కాగితాన్ని నలిపేస్తుంది, మడత జారిపోతుంది, తప్పు పిల్లదే అనుకుంటాం. కాగితం పాత వార్తాపత్రికో మామూలు ఎ4దో చాలు. రెండు పొరల దాకా ఎ4 బాగుంటుంది. నాలుగు, ఎనిమిది పొరలైతే వార్తాపత్రిక లేదా గాలిపటం కాగితమే మేలు.

కాగితాన్ని ఒకసారి మడిచి, మడత ఉన్న అంచు పొడవునా ఎర్ర క్రేయాన్‌తో గీత కొట్టించండి. ఇది చిన్న పనిలా కనబడుతుంది కానీ దీనివల్ల రెండు పెద్ద ఇబ్బందులు తప్పుతాయి. మొదటిది: పిల్లలు మడత అంచునే పూర్తిగా కత్తిరించేస్తారు, విప్పితే రెండు విడి ముక్కలు చేతికొస్తాయి. రెండోది: మడిచిన కాగితం మధ్యలో సీతాకోకచిలుక మొత్తాన్నీ గీస్తారు. అప్పుడు ఒకే రకం సీతాకోకచిలుకలు రెండు వస్తాయి, రెక్కలు విప్పుకునే ఒక్కటి రాదు. "బొమ్మ ఎర్ర గీత దగ్గర పుట్టాలి, ఎర్ర గీత దగ్గరే ముగియాలి, కత్తెర మాత్రం ఎర్ర గీత మీద నడవకూడదు" అని చెప్పండి. ఎర్ర గీత ఉన్న అంచును కత్తెర పట్టని చేత్తో పట్టుకోవాలి. కత్తెర తిరగడం కన్నా కాగితం తిరగడం పిల్లలకు సులువు.

విప్పే ముందు ఒక నిమిషం ఆగాలి. ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైన నిమిషం అదే. "విప్పితే ఎలా ఉంటుందో పలక మీద గీసి చూపించు" అనండి. తర్వాత విప్పి పోల్చండి. ఊహించకుండా విప్పితే అది కత్తిరింపు పని, అంతే. ఊహించి విప్పితే తలలో మడత పడుతుంది.

చిల్లుల ఆట ఇక్కడే ఆడించండి. ఒకసారి మడిచి, మడతకు దూరంగా ఒక చిల్లు పెడితే విప్పాక రెండు. రెండుసార్లు మడిస్తే నాలుగు, మూడుసార్లు మడిస్తే ఎనిమిది. పిల్లలు ఈ లెక్క పట్టేసి గర్వపడుతుండగా, మడత అంచు మీదే అరవృత్తం కత్తిరించి ఎన్ని వస్తాయో అడగండి. ఒకే మడత ఉన్న కాగితంలో అది ఒక్క చిల్లే అవుతుంది, ఎందుకంటే దాని మిగతా సగం మడతకు అవతల ఉంది. రెండు మడతలు కలిసే మూలను తుంచితే కాగితం నడిమధ్యన ఒకే చిల్లు. ఎందుకో వాళ్లనే వెతకనివ్వండి.

ఆగస్టు 15కు బడుల్లో కట్టే రంగు కాగితాల తోరణాలు కూడా మడత, కత్తెరల పనే. కాగితాన్ని విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడిచి ఒక్కసారి కత్తిరిస్తే బొమ్మ వరసగా వస్తూ పోతుంది. ప్రతి మడతా ఒక మడత గీతే. పక్కపక్క బొమ్మలు ఒకదానికొకటి అద్దం బొమ్మలు. ఒక పక్కకు వంగిన మామిడిపిందె ఆకారం కత్తిరిస్తే ఇది బాగా తెలుస్తుంది: ఒకటి కుడికి వంగితే పక్కది ఎడమకు వంగుతుంది. పిందెలు విడిపోకుండా రెండు మడతల దగ్గరా కొంచెం కాగితం వదలాలి.

రంగు మరక పని అందరికీ తెలిసిందే, కాబట్టి చెడిపోయే చోట్లు మాత్రం చెబుతాను. కాగితం పలచనిదైతే తడిసి చిరుగుతుంది. డ్రాయింగ్ షీటు కావాలి. పోస్టర్ రంగులో కొన్ని చుక్కల నీళ్లే కలపాలి, పెరుగంత చిక్కగా ఉండాలి. రంగు ఒక పక్కనే, మడతకు దగ్గరగా వేసి, అంచుల దగ్గర రెండు వేళ్ల మందం ఖాళీ వదలాలి. మడిచాక అరచేత్తో మడత దగ్గర నుంచి బయటికి నొక్కాలి. బయటి నుంచి లోపలికి నొక్కితే రంగంతా మడతలో చేరి మురికి గీత అవుతుంది. వెంటనే విప్పాలి. ఆరితే అతుక్కుపోతుంది.

అద్దంతో పని

మడవలేని వాటికి అద్దం కావాలి: పుస్తకంలో బొమ్మ, ఆకు, గోడ మీది క్యాలెండర్. అరచేతి వెడల్పున్న చదునైన అద్దం, అంచులకు టేపు చుట్టినది, చాలు. దాన్ని చేత్తో పట్టుకోనివ్వకండి. ఒక చెక్కముక్కకో నిండు అగ్గిపెట్టెకో రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి నిటారుగా నిలబెట్టాలి. అద్దం కాస్త వాలినా ప్రతిబింబం కాగితం మీద నుంచి లేచి వంగిపోతుంది. పిల్లలు అప్పుడు "సరిపోలేదు" అంటారు, వాళ్లు చెప్పింది నిజమే.

ఇంకో చిక్కు ఉంది. మామూలు గాజు అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది. 3 మి.మీ. మందం గాజైతే బొమ్మకూ దాని ప్రతిబింబానికీ మధ్య దాదాపు 4 మి.మీ. సందు కనిపిస్తుంది. చిన్న బొమ్మల్లో ఈ సందు పిల్లలను తికమక పెడుతుంది. బొమ్మను పెద్దగా, కనీసం అరచేతంత, గీయడం ఒక దారి. పలచటి ప్లాస్టిక్ అద్దం వాడటం ఇంకా మంచి దారి.

అద్దంతో ఆకులు చూడటం మొదలుపెడితే పిల్లలు ఆపరు. దేవకాంచనం ఆకు నడి ఈనె మీద తనంతట తానే మడతపడినట్టు ఉంటుంది. మొదటి ఆకు అదే కావాలి. రావి ఆకు కూడా దాదాపుగా సరిపోతుంది. తర్వాత వేపరెమ్మ నుంచి ఒక్క ఆకు తీసి ఇవ్వండి. దాని మొదలు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, ఆకంతా కొడవలిలా వంపు. అద్దం పెడితే కనిపించేది వేపాకు కాదు, వేరే ఆకు. ప్రకృతిలో అన్నీ సౌష్ఠవంగా ఉంటాయని పిల్లలకు చెప్పే ముందు వేపాకు చూపించడం న్యాయం.

గళ్ల పుస్తకం మీద

మూడో తరగతి నుంచి బొమ్మలో ఒక పక్క ఇచ్చి మిగతాది గీయమంటారు. పిల్లలు చూపుతో అంచనా వేసి గీస్తారు, బొమ్మ అవతలి పక్క లావెక్కిపోతుంది. 1 సెం.మీ. గళ్ల పుస్తకంలో ఈ క్రమం అలవాటు చేయండి: ముందు మూలలకు మాత్రం చుక్కలు పెట్టాలి. ఒక్కో చుక్క గీతకు ఎన్ని గళ్ల దూరంలో ఉందో లెక్కపెట్టి, అదే వరసలో అవతల అన్నే గళ్లు వెళ్లి చుక్క పెట్టాలి. అన్ని చుక్కలూ పడ్డాకే గీతలతో కలపాలి. కాగితం అంచు నుంచి లెక్కపెట్టడం, గీతలు ముందే కలిపేయడం అన్నవే ఎక్కువగా జరిగే తప్పులు.

నిలువు గీత అందరికీ సులువు. అడ్డగీత కొంచెం కష్టం. ఏటవాలు గీత పెద్దవాళ్లకూ కష్టమే. ఏటవాలు గీత ఉన్నప్పుడు పిల్లలు చుక్కను పక్కకో కిందికో జరిపేస్తారు, గీతకు లంబంగా దాటించరు. పుస్తకాన్ని తిప్పి ఆ గీత తమ ముందు నిలువుగా నిలబడేలా పెట్టుకోమనండి. సగం కష్టం అక్కడే తీరిపోతుంది. ఇది అడ్డదారి అని కొందరు ఒప్పుకోరు. నాకు మాత్రం ఇదే అసలు దారి అనిపిస్తుంది, గీత ఏ వైపు వాలినా నియమం మారదని పిల్లలకు దీనివల్లే తెలుస్తుంది.

ఆకారాల సంగతి త్వరగా చెప్పుకుందాం. చతురస్రానికి నాలుగు మడత గీతలు, దీర్ఘచతురస్రానికి రెండు, సమబాహు త్రిభుజానికి మూడు, సమద్విబాహు త్రిభుజానికి ఒకటి. భోజనం పళ్లెం చుట్టూ గీసి కత్తిరించిన వృత్తాన్ని అంచులు కలిసేలా ఎలా మడిచినా సరిపోతుంది, లెక్క తేలదు. సమాంతర చతుర్భుజం దగ్గర మాత్రం ఆగాలి. అది చక్కగా, పద్ధతిగా కనబడుతుంది కాబట్టి పిల్లలు రెండు గీతలో నాలుగు గీతలో చెబుతారు. కాగితం కత్తిరించి ఇచ్చి, ఎన్ని రకాలుగా అయినా మడవమనండి. ఒక్కటీ సరిపోదు. ఆ ఆశ్చర్యాన్ని దాచిపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

వాకిట్లో ముగ్గు

తెలుగు పిల్లలకు సౌష్ఠవం నేర్పడానికి ముగ్గును మించిన పలక లేదు. ఎదురు చుక్క, సందు చుక్క అన్న రెండు మాటల్లోనే రెండు వేరువేరు సౌష్ఠవాలు ఉన్నాయి.

ఎదురు చుక్కలో ఒక వరస చుక్కలు పై వరస చుక్కలకు సరిగ్గా కిందే పడతాయి. "7 చుక్కలు, 1 వచ్చే వరకు, ఎదురు చుక్క" అంటే మధ్య వరసలో 7, అటూ ఇటూ 5, 3, 1. మొత్తం 25 చుక్కలు, మూల మీద నిలబెట్టిన చతురస్రం. నాలుగు మడత గీతలు. గళ్ల పుస్తకంలో ఇది తు.చ. తప్పకుండా కుదురుతుంది కాబట్టి మొదట ఇదే వేయించండి. ఇంకా చిన్నవాళ్లకు 5 నుంచి 1 చాలు, 13 చుక్కలు.

సందు చుక్కలో కింది వరస చుక్కలు పై వరస చుక్కల సందుల్లో పడతాయి. "7 చుక్కలు, 4 వచ్చే వరకు, సందు చుక్క" అంటే మధ్యలో 7, రెండు పక్కలా 6, 5, 4. మొత్తం 37. చుట్టూ అంచు చూస్తే ఆరు భుజాలు, ప్రతి భుజం మీద 4 చుక్కలు. ఇలాంటి షడ్భుజికి ఆరు మడత గీతలు ఉండాలి. కానీ గళ్ల పుస్తకంలో వేసినప్పుడు రెండే కుదురుతాయి, నిలువుది, అడ్డది. మిగతా నాలుగూ కొద్దిగా తప్పుతాయి. కారణం వరసల మధ్య దూరం. చుక్కల మధ్య 2 సెం.మీ. ఉంటే వరసల మధ్య దాదాపు 1.7 సెం.మీ. ఉండాలి. అక్కడా 2 పెడితే బొమ్మ నిలువుగా సాగుతుంది. వాకిట్లో అయితే చుక్కల మధ్య 10 సెం.మీ.కు వరసల మధ్య 8.7. అలవాటు పడ్డ చెయ్యి ఈ లెక్క తెలియకుండానే వరసలను దగ్గరగా వేస్తుంది. పిల్లలకు ఒక చిట్కా: ఒకే పొడవున్న మూడు పుల్లలతో త్రిభుజం పేర్చి, మూడు మూలల్లో చుక్కలు పెట్టాలి. అదే త్రిభుజాన్ని జరుపుకుంటూ పోతే సందు చుక్కలు తప్పవు.

చుక్కలు పడ్డాక ముగ్గు వేయించే తీరు కూడా ముఖ్యం. మనం ఒక రేకు వేయాలి, మిగతావి పిల్లలు వేయాలి. ఎదురు చుక్క ముగ్గులో నాలుగోవంతు వేసి ఆపండి. ఒక పక్క మొత్తం ముందే వేసేస్తే పిల్లలు చూసి దించేస్తారు. ఒకరు ఎడమ పక్క, ఒకరు కుడి పక్క, ఇద్దరూ మధ్య గీత నుంచి ఒకేసారి మొదలుపెడితే తప్పు ఏ చుక్క దగ్గర పడిందో వెంటనే దొరుకుతుంది. పిండిముగ్గు పట్టు ఏడేళ్ల లోపు చేతులకు కష్టం, సుద్దముక్క చాలు.

ఇక రంగులు. నాలుగు రేకుల ముగ్గుకు నాలుగు మడత గీతలుంటే, రేకులకు ఎరుపు, పసుపు మార్చి మార్చి వేశాక ఎన్ని మిగులుతాయి? రెండు. రేకుల మధ్యగా పోయేవి మిగులుతాయి, రేకుల సందుల్లోంచి పోయేవి పోతాయి, ఎందుకంటే అక్కడ మడిస్తే ఎరుపు వచ్చి పసుపు మీద పడుతుంది. ఆరు రేకులైతే ఆరు కాస్తా మూడు. పాఠం మొదలుపెట్టే ముందే "రంగు కూడా కలవాలా, ఆకారం కలిస్తే చాలా?" అన్నది తేల్చుకోండి. తేల్చకపోతే ఒకే బొమ్మకు ఇద్దరు పిల్లలు రెండు సరైన జవాబులు చెప్పి, ఒకరికి అన్యాయంగా సున్నా పడుతుంది. దీనికి జాతీయ జెండా మంచి ఉదాహరణ. రంగులు పట్టించుకోకపోతే రెండు మడత గీతలు. పట్టించుకుంటే నిలువు గీత ఒక్కటే, అడ్డంగా మడిస్తే కాషాయం ఆకుపచ్చ మీద పడుతుంది. చక్రంలో 24 ఆకులున్నాయి కాబట్టి దానికి మడత గీతలు ఎన్నో పెద్ద పిల్లలు లెక్కపెట్టవచ్చు. ఆకుల మీదుగా 12, సందుల మీదుగా 12.

చదరంగం బల్ల కూడా ఇదే ప్రశ్న వేస్తుంది. నడిమధ్యన నిలువుగా మడిస్తే నలుపు వచ్చి తెలుపు మీద పడుతుంది. కర్ణాల మీద మడిస్తే సరిపోతుంది. దీర్ఘచతురస్రంలో కర్ణం పనికిరాదని నేర్చుకున్న పిల్లలకు, ఇక్కడ కర్ణాలే పనికొస్తాయని కనిపెట్టడం చెప్పలేనంత సరదా. అరుగుల మీద గీసుకునే అష్టాచెమ్మా గడులకు నాలుగు గీతలు, పులిజూదం త్రిభుజానికి ఒకటి.

మడత లేని అందం

ఇప్పుడు దాచిపెట్టిన ఆశ్చర్యం తీయండి. సమాంతర చతుర్భుజం ఏ మడతకూ లొంగలేదు, అయినా కంటికి ఏదో పద్ధతి ఉన్నట్టే ఉంటుంది. స్వస్తిక్ ముగ్గు కూడా అంతే. మెలికల ముగ్గుల్లో కొన్నిటికి ఒక్క మడత గీతా ఉండదు. వాటిలో ఉన్నది తిప్పితే సరిపోయే గుణం, పుస్తకం భాషలో భ్రమణ సౌష్ఠవం. ఎనిమిది తొమ్మిదేళ్లకు ఇది బాగా అందుతుంది.

బొమ్మ మీద బటర్ పేపరు పరిచి నకలు తీయండి. కాగితం కింద అట్ట పెట్టి, నడిమధ్యన డ్రాయింగ్ పిన్ను గుచ్చి, పై కాగితాన్ని మెల్లగా తిప్పండి. పూర్తి చుట్టు తిరిగేలోపు ఎన్నిసార్లు కింది బొమ్మతో కలిసిందో లెక్కపెట్టాలి. సమాంతర చతుర్భుజానికి రెండు, స్వస్తిక్‌కు నాలుగు. పిల్లలు మొదలుపెట్టిన చోటునూ ముగిసిన చోటునూ రెండింటినీ లెక్కేసి నాలుగుకు ఐదు అంటారు. పై కాగితంలో ఒక మూలకు ఎర్రచుక్క పెట్టి, "చుక్క ఇంటికి తిరిగొచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి లెక్కపెట్టు, బయలుదేరేటప్పుడు వద్దు" అంటే ఆ తప్పు పోతుంది. పిన్ను నడిమధ్యన లేకపోతే ఏదీ కలవదు. సమాంతర చతుర్భుజానికి నడిమధ్య అంటే రెండు కర్ణాలు కలిసే చోటు.

పూలు దీనికి సిద్ధంగా ఉన్న పాఠాలు. రేక నందివర్ధనం అయిదు రేకులూ గాలిమరలా ఒకే వైపు మెలితిరిగి ఉంటాయి. రేక మందారంలోనూ ఒక్కో రేకు పక్కదాని మీద ఒకే దిక్కున ఎక్కి ఉంటుంది. ఇవి తిప్పితే సరిపోతాయి, మడిస్తే సరిపోవు. శంఖుపువ్వు దీనికి సరిగ్గా ఎదురు: మడిస్తే ఒకే ఒక్క గీత మీద సరిపోతుంది, తిప్పితే సరిపోదు. నూరువరహాల నాలుగు రేకులు విచ్చుకున్నాక రెండూ కుదురుతాయి. నాలుగు పూలూ ఒక పళ్లెంలో పెట్టి, "మడత పూలు, తిప్పుడు పూలు, రెండూ ఉన్న పూలు" అని పిల్లలతోనే వేరు చేయించండి. వంటింట్లో బెండకాయ అడ్డంగా కోసి రంగులో అద్ది ముద్ర వేస్తే సాధారణంగా అయిదు మూలలు, కీర దోసకాయలో మూడు భాగాలు, బీరకాయకు పది గట్లు. అదే బెండకాయను నిలువుగా కోస్తే ముద్రకు ఒక్క మడత గీతే ఉంటుంది. కాయ ఒకటే, కోత మారితే సౌష్ఠవం మారింది.

అక్షరాల సంగతికి వస్తే, ఇంగ్లిష్ పెద్దబడి, అంటే క్యాపిటల్ అక్షరాలు, పనికొస్తుంది: ఎ, ఎం, టి, వి నిలువుగా మడిస్తే సరిపోతాయి, బి, సి, డి, ఇ అడ్డంగా, హెచ్, ఐ, ఓ, ఎక్స్ రెండు విధాలా, ఎన్, ఎస్, జెడ్ మాత్రం మడవడానికి లేదు, సగం చుట్టు తిప్పాలి. తెలుగులో సున్నకూ విసర్గకూ మించి దొరకవు, తలకట్టు ఒక పక్కకు లేచి సౌష్ఠవాన్ని చెడగొడుతుంది. కానీ మడిచిన కాగితం మీద పేరు గీయడానికి తెలుగు గుండ్రాలే అందంగా ఉంటాయి. మడతను కిందికి పెట్టి, ప్రతి అక్షరం అడుగు మడతకు తాకేలా పేరు లావుగా రాసి, కిటికీ అద్దానికి ఆనించి వెనకవైపు అదే గీతల మీద దిద్దిస్తే, విప్పాక ఎవరి పేరుతో వాళ్లకు ఒక వింత పురుగు పుడుతుంది. కాళ్లు, కళ్లు పిల్లలు పెట్టుకుంటారు.

తరగతిలో చూపు లేని పిల్లలుంటే ఈ పాఠం వాళ్లకూ పూర్తిగా చెప్పవచ్చు. అట్ట మీద బొమ్మ అంచుల వెంట జిగురు రాసి లావుపాటి దారం అతికించండి. మడత గీతకు దారం బదులు గరుకైన జనపనార వాడితే వేలికి తేడా తెలుస్తుంది. జిగురు పూర్తిగా ఆరాలి, రాత్రి చేసి ఉదయం ఇవ్వడం మంచిది. అట్టను ఒంటికి ఎదురుగా, మడత గీత ముక్కుకు నేరుగా ఉండేలా పెట్టి, రెండు చూపుడువేళ్లనూ గీత పైకొసన ఆనించి ఒకేసారి చెరో వైపు జరపమనాలి. రెండు వేళ్లూ ఒకేసారి మలుపు తిరిగి, ఒకేసారి గీత కిందికొస దగ్గర కలుసుకుంటే బొమ్మ సరిపోయినట్టు. ఒక వేలు ముందు మలుపు తిరిగితే, సరిపోనిది ఎక్కడో ఆ వేలే చెబుతుంది. చూపున్న పిల్లల చేత కూడా కళ్లు మూయించి ఇదే చేయించండి.